దీపం కింది సోయ

“గా చీకట్ల ఏముందో ఎవలకెరుక? పిల్ల కాలు కింద పెట్టంగనే పట్టుకుంటది.”

రామవ్వ ఆ మాట అన్ననాడు పెరట్లో ఏమీ జరగలేదు. కానీ పోయిన వానాకాలం అక్కడే కట్లపాము కరిచి, ఆదిలాబాద్ దవాఖానలో బిడ్డ వందన నాలుగు రోజులు కళ్లు తెరవలేదు. అది ఆమె మరిచేది కాదు. మరునాడే మొగుడు లచ్చయ్యను ఇచ్చోడ బజారుకు తోలింది. అతను పెద్ద లైటు తెచ్చి పెరటి స్తంభానికి బిగించేదాకా ఆమె ముద్ద ముట్టలేదు. ఆ స్తంభం అవతలే వాళ్ల సోయ చిక్కుడు చేను. అప్పుడే మొలక వేస్తోంది.

బతుకమ్మ దగ్గరపడేసరికి చేనంతా పసుపు తిరిగింది. లైటు పడినంత మేర మాత్రం పచ్చగా, నడుమెత్తు ఏపుగా నిలబడింది. రామవ్వ మురిసింది. లచ్చయ్య ఒక మొక్క పీకి ఆమె చేతిలో పెట్టాడు. ఒక్క కాయ లేదు.

పక్క చేను కొండల్ గట్టు మీద నిలబడి నవ్వాడు.

“వదినె, నువ్వు దానికి పొద్దే గూకనియ్యకపోతివి. రాత్రి పెద్దగైతెనే సోయకు పూత. గిది ఇంక ఆషాఢమే అనుకుంటుంది.”

“నీ చేన్ల పురుగు సంగతి చూస్కో పో.”

“నా చేన్ల యాడుంది? ఊరి పురుగంత నీ లైటు కాడికే వస్తుంది. దాని వెనుక కప్పలు.”

రామవ్వ చేతిలోని మొక్క జారింది. కప్పల వెనుక ఏమొస్తుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర లేదు. కాపలా అనుకుని పెట్టిన లైటు, పిలిచి పీట వేసినట్టయింది.

పొద్దు గూకింది. లచ్చయ్య స్విచ్చి దగ్గర నిలబడ్డాడు.

“గీ లైటుకు పిల్ల గూడ నిద్ర పోతలేదే. ముఖం మీద చున్నీ కప్పుకొని పొర్లుతుంది. ఏం జెయ్యమంటవ్?”

వందన తినడం ఆపి తల్లి వైపు చూసింది. పెరడు మసకబారింది, స్తంభం కనబడకుండా పోయింది. చేనులో కీచురాళ్లు మొదలుపెట్టాయి. ఎన్ని నెలలకో ఇంటి మీద చుక్కలు తేలాయి. లచ్చయ్య చెయ్యి స్విచ్చి మీదే ఉంది.

“వెయ్యకు,” అంది రామవ్వ చివరికి. “పిల్ల బయటికి పోతనంటె నన్ను లేపుమను. ముందుగాల నేను నడుస్త.”