నాష్‌విల్ దాటిన పీచ్ పళ్ళు

ఆ మంగళవారం పొద్దున ఆకాశం తెల్లగా ఉడికిపోతూ ఉంది. వాన పడదు, ఉక్క తగ్గదు. పళ్ళు కోసి పెట్టుకున్న రైతుకు అంతకంటే చెడ్డ ఆకాశం లేదు. చట్టనూగా నగరంలో, ఆఫీసు పన్నెండో అంతస్తులో కూచున్న ఆర్లీన్‌కు ఆ సంగతి తెలుసు. ఆమె చుట్టూ ఉన్న కుర్రాళ్ళకు ఆకాశం అంటే కిటికీ.

వాళ్ళ కంపెనీకి సొంతానికి ఒక్క లారీ లేదు. సరుకున్నవాణ్ణీ లారీ ఉన్నవాణ్ణీ కలిపి మధ్యలో తన వాటా తీసుకుంటుంది. వెనకటికి ఈ పని చేసేవాణ్ణి బ్రోకరని కాస్త మూతి తిప్పి పిలిచేవారు. ఇప్పుడు కంప్యూటర్ మెషిన్ చేస్తోంది గనక టెక్నాలజీ అంటున్నారు. లోడు కుదిరినప్పుడల్లా హాలు మధ్యలో వేలాడే ఇత్తడి గంట మోగిస్తారు. చర్చి గంటను కూడా ఎవరూ అంత భక్తిగా మోగించరు.

ఈ వేసవిలో ఆర్లీన్ తన అన్న డోయిల్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అలబామాలో, క్లాంటన్ దగ్గర అతనికి పీచ్ తోట ఉంది. ఏటా పళ్ళను సిన్సినాటీ మార్కెట్టుకు చేర్చేది లమార్ అనే ముసలి డ్రైవరు. ఈసారి అతన్ని మాని తమ కంపెనీకి ఇవ్వమంది. చెల్లెలి మాట కాదనలేక డోయిల్ ఒప్పుకున్నాడు. పంటలో మేలైన భాగమంతా ఆ ఒక్క లోడులోనే ఉంది.

ముందురోజు ఆ లోడు మెషిన్‌లో పెట్టగానే గంట మోగింది. కాసేపటికి ఇంకోసారి మోగింది. సాక్సు వేసుకోని వైస్ ప్రెసిడెంటు టానర్ వచ్చి, అలబామా నుంచి ఒకేరోజు రెండు పీచ్ లోడ్లంటే మాటలు కాదని మెచ్చుకుని వెళ్ళాడు.

ఇప్పుడు ఆర్లీన్ ముందున్న తెర మీద ఆకుపచ్చ చుక్క ఒకటి ఉత్తరాన సిన్సినాటీ వైపు పాకుతోంది. అదే లారీ. సంతోషంగా అన్నకు ఫోన్ చేసింది.

“లారీ నాష్‌విల్ దాటింది అన్నా. నా కళ్ళముందే పోతోంది.”



“దాటనీ,” అన్నాడు డోయిల్. “నేను మాత్రం పళ్ళ డబ్బాల మీదే కూచుని ఉన్నా.”

“అదేంటి?”

“లారీ రాలేదమ్మా. మీ మెషిన్ రాత్రంతా ఫోన్‌లో వస్తున్నాం, వస్తున్నాం అని మెసేజులు పెట్టింది. పొద్దున లేచేసరికి, సరుకు ఎక్కించినందుకు థాంక్స్ చెప్పింది.”

 ఆర్లీన్ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఆరా తీస్తే సంగతి బయటపడింది. కంపెనీ మెషిన్ ఆ లోడును అట్లాంటాలో ఒక బ్రోకరుకు అంటగట్టింది. వాడి దగ్గరా లారీ లేదు. తన వాటా మినహాయించుకుని మళ్ళీ బజార్లో పెట్టాడు. లోడ్ల కోసం కాచుకుని ఉన్న ఇంకో మెషిన్ దాన్ని తన్నుకుపోయింది. అదీ ఈ కంపెనీదే. లారీని పంపడం ఎదుటివాడి పనని ఎవరికి వాళ్ళు ఊరుకున్నారు. రెండుసార్లు గంట మోగింది ఒకే పళ్ళకు.

మరి చుక్క ఎలా కదిలిందని టానర్‌ను అడిగింది. లారీ నుంచి కబురు అందనప్పుడు మెషిన్ అంచనా కట్టి కదుపుతుందన్నాడు. ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది.

“అంచనాలో తప్పేం లేదు ఆర్లీన్ గారూ. లారీ అంటూ ఉంటే సరిగ్గా అక్కడే ఉండేది.”

ఆమె వెంటనే లమార్‌కు ఫోన్ చేసింది. అతను పుచ్చకాయలు ఎక్కించుకుని ఎప్పుడో కెంటకీ చేరాడు. పీచ్ రోజుల్లో ఖాళీ ఫ్రిజ్ లారీ దొరకడం కల్ల.

“మీ మెషిన్‌ని అడుగమ్మా. దానికి తెలియని లారీ లేదన్నారుగా,” అన్నాడు లమార్.

ఆర్లీన్ సంచి తీసుకుని లేచింది. ఎవరిదో లోడు కుదిరి వెనక గంట మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నానికి తోట చేరేసరికి వదిన నాడీన్ షెడ్డులో పళ్ళు ఏరుతోంది. వేలు తగిలితే చాలు, పండు లోపలికి దిగబడిపోతోంది. కాస్త గట్టివి జామ్ చేసేవాళ్ళకు, తక్కినవి పక్కవాళ్ళ పందులకు. ఆర్లీన్ ఇంకో డబ్బా ముందు కూచుంది. డోయిల్ ఫోన్ తెచ్చి మెషిన్ పంపిన మెసేజ్ చూపించాడు. మీ సరుకు క్షేమంగా చేరింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని ఉంది.

“ఎన్ని ఇమ్మంటావు చెల్లీ?”

కోపంగా అడగలేదు. అందుకే ఆమెకు తలెత్తడానికి మొహం చెల్లలేదు.

“వచ్చే ఏడు నేను దగ్గరుండి...” అని మొదలుపెట్టింది.

“వచ్చే ఏడు ఊరికే రా. నాలుగు రోజులుండి పో. పళ్ళ మాట మాత్రం ఎత్తకు.”

పొద్దు వాలాక బల్ల దగ్గర చేరారు. ఉడికించిన చిక్కుడు గింజలు, బెండకాయ వేపుడు, మొక్కజొన్న రొట్టె. డోయిల్ తల వంచి ప్రార్థన చేశాడు. ఎప్పటికంటే పొట్టిగా ముగించాడు. నాడీన్ అడగకుండానే ఆర్లీన్ పళ్ళెంలో ఇంకో రొట్టె ముక్క వేసింది. ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకుంటూ ముగ్గురూ తిన్నారు.