బావమఱది చేతి త్రాడు

వసంతము కడముట్టి గ్రీష్మమింకను తన పూర్ణప్రతాపమును జూపకుండిన యొకానొక ప్రభాతమున నల్లమల పర్వతపంక్తుల నడుమ నున్న తేనెపడగ యను మహాశిఖరము మోదుగుపూల రక్తిమచే సంధ్యామేఘమువలె ప్రకాశించుచు ఇప్పపూల పరిమళభారమున మందగమనమైన గాలిని లోయలలోనికి బంపుచుండెను. ఆ శిఖరాగ్రమున మున్నూఱడుగుల నిలువుబండ యొకటి విప్పిన పడగవలె ముందునకు వంగియుండగా దాని నీడలో కొండతేనె పట్టులు నల్లని గొడుగులవలె వ్రేలాడుచుండెను.

ఆ బండకొక కథ కలదు. హిరణ్యకశిపుని వధించియు నుపశమింపని క్రోధముతో నీ యడవుల సంచరించిన నారసింహుడు చెంచుకన్యను వరించి యామె తండ్రి కోరిన తేనెకై యీ బండ దిగినప్పుడు స్తంభమును చీల్చుకొని వెడలిన యంతటి దేవుడును తన త్రాటి కొనను ఆ కన్యక తమ్ముని చేత బెట్టియే దిగెనని చెంచులు చెప్పుదురు. అది మొదలు తేనె కోయువాని త్రాడును వాని భార్య తోబుట్టువు దక్క నన్యుడు పట్టరాదను కట్టుబాటు వారిలో నడచుచున్నది. తన యక్కను విధవను జేయ దలచు తమ్ముడుండడు గనుక నా చేయి సడలదని వారి నమ్మకము.

ఇట్టి పర్వతమును ప్రభుత్వమువారు జాతీయోద్యానవనముగా ప్రకటించి కొండ మొదట నినుపద్వారము నిలిపి దానిపై నొక పలకను బిగించి నరసింహమూర్తి చిత్రమును వ్రాయించి చిత్రమునకు పైన 'చెంచుల యల్లుని విహారభూమి' యని బంగారు వన్నె యక్షరముల దీర్పించిరి. చిత్రము క్రిందనే 'అనుమతిపత్రము లేనివారికి ప్రవేశము నిషిద్ధము' అనియు వ్రాయించిరి. ఈ రెండు వాక్యములను ఒకే పలకపై ఒకే కుంచెతో వ్రాసిన చేయి వడకకుండుట యెంత విడ్డూరము!

ప్రారంభోత్సవదినమున పట్టణమునుండి వచ్చిన యతిథులకు తేనెకోతను వేడుకగా జూపవలెనని ఉద్యానపాలకుడైన కోదండపాణి సంకల్పించి గూడెములో నేర్పరియైన చిగుర్ల ఈదన్నను రప్పించెను. ఈదన్నయు నతని బావమఱది బయ్యన్నయు తెల్లవాఱకమునుపే బయలుదేఱి వచ్చిరి గాని యింటికొక్క పత్రమే యను నిబంధనముచే ఈదన్న యింటనే యుండు బయ్యన్న ద్వారముకడనే నిలుపబడెను. శిఖరమున అతిథులు గొడుగుల క్రింద కూర్చుండి వేచియుండగా ఈదన్న నారత్రాటిని ప్రక్కన బెట్టుకొని కదలక కూర్చుండెను.

"ఏమయ్యా ఈదన్నా, పెద్దలొచ్చి గంటయింది. ఇంకా దిగవేం?" అని కోదండపాణి గద్దించెను.

"తాడు పట్టేటోడు గేటుకాడ ఉండాడు సామీ. మా బామ్మర్దిని మీవోళ్ళు రానీలా."

"రూలు రూలే. ఇదిగో, నలుగురు గార్డులున్నారు. పట్నం నుంచి తెప్పించిన నైలాను తాడుంది. ఏనుగును కట్టి వేలాడదీసినా తెగదు."

"తాడు తెగదు సామీ. పట్టినోడికి నాతో చుట్టరికమేంది?"

కోదండపాణి ముఖము కందెను. "మధ్యాహ్నంలోగా దిగకపోతే మీ గూడేనికి తేనె పాసులన్నీ రద్దు చేయిస్తా. తర్వాత నా కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు."

ముప్పదియేడు కుటుంబముల కూడొకవైపునను ఈదన్న ప్రాణమొకవైపునను నిలిచెను. తాతముత్తాతలనాటి కొండపై తన వారి నోటికూటిని తీసివేయుదునని బెదరించు నధికారము నిన్న వచ్చిన యొక యుద్యోగి కెవ్వరిచ్చిరి? తెల్లవాఱినది మొదలు తన్ను 'ఒరే' యని పిలుచుచున్న నలుగురి చేతులలో తన యూపిరి నెట్లు పెట్టగలడు? అతడు లేచి ఆ నైలాను త్రాటి కొనను దెచ్చి కోదండపాణి పాదములముందు బెట్టెను.

"సరే సామీ, దిగుతా. ముందు నువ్వు దిగు. నీ తాడు నేను పడతా."

అతిథులందఱును అటు చూచిరి. వెనుదీయుట కభిమానమడ్డుపడగా కోదండపాణి బండ యంచువఱకు నడచి క్రిందికి జూచెను. తన పాదములకు దిగువను గ్రద్దలు తిరుగుచుండెను. వాని రెక్కలకును దిగువను అడవి పచ్చని మరకవలె గానవచ్చెను.

"నువ్వు... గట్టిగానే పట్టుకుంటావుగా?"

"ఎట్టా చెప్పేది సామీ? మా అక్కను నీకియ్యలేదు, మీ అక్కను నేను చేసుకోలేదు."

అతిథులలో నొక వృద్ధురాలు పకపక నవ్వి "నిజమే కదయ్యా, ఆ బామ్మర్దినేదో పిలిపించు, ఎండెక్కుతోంది" అనెను. కోదండపాణి యెవ్వరి ముఖమును జూడక బయ్యన్నకై జీపును బంపెను.

బయ్యన్న వచ్చినప్పుడు అతని మెడలో ద్వారపాలకులు తగిలించిన యట్టబిళ్ల యొకటి వ్రేలాడుచుండెను. దానిపై 'సందర్శకుడు' అని వ్రాసియుండెను. చదువెఱుగని బయ్యన్న యది యేదో మర్యాదయనుకొనెను. ఎవని పూర్వుడు దేవుని త్రాడు పట్టెనో వాడు ఆ కొండనే చూడవచ్చిన పరాయివాడు! ఆ బిళ్లను జదువగలిగిన వారందఱును తలలు దించుకొనిరి.

బయ్యన్న నారత్రాటిని చెట్టుమొదట నొక చుట్టు చుట్టి తన నడుమునకు బిగించి బావను దిగనిచ్చుచు "లావెక్కినావు బావా! మా అక్క నీకు గడ్డలు ఎక్కువ తినిపిస్తాంది" అనెను.

"నోరు మూసుకొని తాడు చూడ్రా!" అను కేక లోయలోనుండి వచ్చెను.

పొగ లేచెను. తేనెటీగలు హోరుమనెను. ఈదన్న పట్టులలో మూడవపాలు ఈగలకై విడిచి తక్కినది కోసికొని పైకి వచ్చెను. అతిథులు చప్పట్లు చఱచిరి. బావమఱదు లిరువురును వారివంక జూడక దిగిపోయిరి.

ద్వారముకడ బయ్యన్న నిలిచి మెడలోని బిళ్లను దీసి కావలివాని చేత బెట్టి తొలితేనెను వ్రేలితో దీసి పలకపైనున్న నరసింహుని పెదవులకు బూసి "తిను బావా. నిన్నైనా లోపలికి రానిచ్చినారు" అనెను. తేనె చిత్రమునుండి కారి క్రింది యక్షరములపై జాఱెను.

మఱునాటి యుదయమున కొండనుండి దిగివచ్చిన యీగలు ఆ పలకపై గుంపులు గుంపులుగా వ్రాలెను. పైనున్న చెంచుల యల్లుని పేరు గానవచ్చుచుండెను. దాని క్రింది నిషేధవాక్యము మాత్రము నల్లని సజీవమైన తెర వెనుక మఱుగైపోయెను. దానిని తుడుచుటకు కోదండపాణి యెందఱికి జెప్పినను చేయి చాచినవాడు లేడు.