సృష్టి మొదట్లో నీలం స్టూలు

పుష్ప పొద్దున ఐదింటికి లేస్తుంది. అత్త రాజవ్వకు చాయ్ పెట్టి ఇస్తుంది, స్టీలు డబ్బాలో అన్నం, టమాట పప్పు సర్దుకుంటుంది, ఇంద్రేశంలో బస్సెక్కి సుల్తాన్‌పూర్ కంపెనీకి పోతుంది. అక్కడ సెలైన్ పైపులు చుట్టి కవర్లలో పెట్టే పని. ఎనిమిది గంటలు. నిలబడి.

నిలబడి అని విడిగా చెప్పడానికి కారణముంది. ఆ ప్యాకింగు లైనులో స్టూళ్లున్నాయి. నీలం రంగువి, గోడ పక్కన వరుసగా. పర్మనెంటు వాళ్లు కూర్చోవడానికి. లైనులో పర్మనెంటు వాళ్లు ఒక్కరూ లేరు. కాబట్టి స్టూళ్లు విశ్రాంతి తీసుకుంటూ ఉంటాయి, ఆడవాళ్లు నిలబడి ఉంటారు.

పుష్పది పదకొండేళ్ల నిలబాటు. ఇంకో ఏడాది ఇట్లాగే నిలబడితే మోకాళ్లు పూర్తిగా పోతాయని డాక్టరు చెప్పేశాడు. ఏడాది తెంపు లేకుండా పనిచేస్తే పర్మనెంటు అని కంపెనీ రూలు. చిక్కంతా ఆ తెంపు దగ్గరే. ఆరు నెలలకోసారి విశ్వం అంతమైపోతుంది కదా.

ఆరు నెలలు నిండిన మంగళవారం, మధ్యాహ్నం చాయ్‌కి కొంచెం ముందు, అన్నీ పోతాయి. రింగురోడ్డు, బర్రెలు, నక్షత్రాలు, అన్నీ. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలై, ఎక్కడ ఆగిందో అక్కడికి వచ్చేస్తుంది. ఆ సమయానికి ఆటోవాళ్లు బండి పక్కకు ఆపుకుంటారు. అందరూ చేతికి దొరికింది గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంటారు. పిల్లలకు నడక కన్నా ముందు ఇదే నేర్పుతారు. కళ్లు తెరిచేసరికి పప్పు ఇంకా వేడిగానే ఉంటుంది. బస్సు కండక్టరు ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు పాతదే చాలంటాడు. బడిలో ఐదో తరగతి పిల్లల్ని ఎవరూ తీసుకెళ్లి ఒకటో తరగతిలో కూర్చోబెట్టరు. పట్టింపంతా కంపెనీకే.

ఈసారీ అంతే. సృష్టి తిరిగొచ్చిన మరునాడే హెచ్‌ఆర్ శ్రావణ్‌కుమార్ కొత్త జాయినింగ్ ఫారాల కట్టతో లైనులోకి వచ్చాడు.

"అక్కా, సంతకం పెట్టు."

"మొన్ననే పెట్టిన గద తమ్మీ."

"అది పోయిన సృష్టిల పెట్టినవ్. ఆ సర్వీసు దాంతోనే పాయె. విశ్వం ఎండ్ అయితే బ్రేక్ కిందికే అస్తది. నేనేం జేస్త, రూలు."

పక్కన పైపులు చుడుతున్న దుర్గాదేవికి ఒళ్లు మండింది. "మరి గోడకున్న ఫ్యాను గుడ పోయిన సృష్టిదేనాయె. దానితోని పెట్టిచ్చినవా సంతకం?"

"ఫ్యాను వేరే అక్కా. ఫ్యాను కంపెనీ ఆస్తి."

"మేమేంది మరి?"

శ్రావణ్‌కుమార్ ఫారమంతా వెతికాడు. పాపం, అందులో ఆ గడి లేదు.

పుష్ప ఇరవై రెండోసారి సంతకం పెట్టింది. ఎంత గట్టిగా పెట్టిందంటే, పెన్ను కాగితాన్ని చించుకుని బల్ల మీద కూడా ఒక పొల్లు పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి మోకాళ్లకు నూనె రాసుకుంటూ పేలింది.

"దేవుడు గుడ కంపెనీతోనే కలిసిండత్తమ్మా! ఒక్కపారి, ఒక్కటంటే ఒక్కపారి, ఏడాది నడిపిస్తే ఆయన సొమ్మేం బోయింది? సూర్యుడు ఆరిపోయిండు, సముద్రాలు పాయె, అన్ని మళ్ల అచ్చినయ్. నా పదకొండేండ్లే రాలేదట!"

రాజవ్వ వెల్లుల్లి పొట్టు తీస్తోంది. "నువ్వప్పుడు కండ్లు మూసుకుంటవా?"

"అందరు మూస్తరు గద."

"నేను మూయ. పడుచుదనంల వరి కోస్తుంటె అయింది. చేతిల కొడవలి వట్టుకొని కండ్లు మూస్తె వేలు తెగదా? తెరిచే ఉంచిన. గప్పటి సంది తెరిచే ఉంచుత."

"ఏం కనవడ్తది?"

"ముందుగాల వెలుగస్తది. ఎనుక నీళ్లు. గటెన్క పనిముట్లు, వాటిని పట్టే చేతులు. పొలం గల్ల పటేలు అందరికన్న ఆఖరుకొస్తుండె, మేము సగం మడి కోసినంక." రాజవ్వ బోసినోటితో నవ్వింది. "ఓపారి ఆయన రాకముందే పోయి, ఆయన కూసునే నీడల మేము కూసున్నం. ముందుగాల ఎవరు ఏడుంటే లోకం గట్లనే కుదురుకుంటది. గా నీడ మాదే అయింది. ఎవ్వరేమనలే."

పుష్ప నూనె గిన్నె కింద పెట్టింది. "గీ మాట పదకొండేండ్ల సంది ఎందుకు జెప్పలే?"

"నువ్వెప్పుడన్న అడిగితివా?"

మరునాడు లైనులో ఇరవై ముగ్గురికీ ఒకరి నుంచి ఒకరికి కబురు పాకింది. ఆరు నెలలు ఓపిక పట్టారు. మంగళవారం వచ్చింది. చాయ్‌కి ముందు అన్నీ పోయాయి.

పుష్ప కళ్లు మూయలేదు. చీకటి కూడా లేదు, చూడటానికి. తర్వాత వెలుగొచ్చింది. నీళ్లొచ్చాయి. రోజూ నల్లగా పారే నక్కవాగు తేటగా, అడుగున గులకరాళ్లు కనబడేటట్టు పారింది. కంపెనీలు ఇంకా రాలేదు కదా. తర్వాత కత్తెరలు, టేపు చుట్టలు, నీలం స్టూళ్లు. తర్వాత ఇరవై ముగ్గురు ఆడవాళ్లు, నెత్తిన టోపీలతో, పైకప్పు లేని ఆకాశం కింద.

పుష్ప స్టూలు లాక్కుని కూర్చుంది. మోకాళ్లు చిన్నగా టక్కుమన్నాయి. ఆమె వెంట దుర్గాదేవి, ఆ వెంట అందరూ.

గోడలొచ్చాయి. పైకప్పు దిగింది. ఫ్యాను తిరిగింది. కెమెరాలొచ్చాయి. అన్నీ అయ్యాక శ్రావణ్‌కుమార్ వచ్చాడు, ఇంకా కళ్లు మూసుకునే, ఫారాల కట్టను ఛాతీకి హత్తుకుని.

కళ్లు తెరిచాడు. ఇరవై ముగ్గురూ కూర్చుని పైపులు చుడుతున్నారు. వాళ్లు ఎప్పుడూ కూర్చునే చుట్టినట్టు, మామూలుగా చూశాడు. కట్ట విప్పితే అందులో ఒక్క జాయినింగ్ ఫారమే ఉంది. పేరు గడిలో శ్రావణ్‌కుమార్ అని రాసి ఉంది.

అతను అటూ ఇటూ చూశాడు. "కూసొని రాసుకుంట అక్కా, ఇంకో స్టూలు ఉన్నదా?"

పుష్ప చేతిలో పైపు చుట్టడం పూర్తిచేసి, కవర్లో పెట్టి, అప్పుడు తలెత్తింది.

"జెర నిలబడు తమ్మీ," అంది. "ఇప్పుడే అచ్చినవ్ గద."