ఉత్తరానికి తల పెట్టిన సమాధి

పొద్దున ఆరింటికి సమాధుల తోట గేటు తీసిన దీనమ్మకు, నెల రోజులుగా ఎవరినీ పూడ్చని చివరి వరసలో పచ్చిమట్టి సమాధి ఒకటి కనిపించింది.

ఆమె కేక వేయలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ తోటకు కాపలా ఆమే. సంఘంలో ఎవరు కన్ను మూసినా ముందు ఆమెకే ఫోను వస్తుంది, పెట్టె చేసేవాడికి ఆ తర్వాతే. గుంత కొలిచేది ఆమె తాడుతోనే. ఆమెకు తెలియకుండా ఒక మనిషి లోపలికి వచ్చి పడుకున్నాడంటే, అది దొంగదారిన జరిగిన పనే.

దగ్గరికి వెళ్ళి చూసింది. 

సమాధి అడ్డంగా ఉంది. తోటలోని నాలుగు వందల పైచిలుకు సమాధులూ తూర్పు పడమరలు. ప్రభువు తూర్పున వస్తాడని, లేచి నిలబడగానే ఆయన ముఖం చూడాలని కాళ్ళు తూర్పుకు పెడతారు. ఇది మాత్రం ఉత్తర దక్షిణాలు. తల ఉత్తరానికి, ముఖం పడమటికి తిప్పడానికి వీలుగా. మట్టిని చేప వీపులా నున్నగా దిద్దారు. తలవైపు నుంచి కాళ్ళవైపుకు నీళ్ళు చల్లిన చారలు ఇంకా ఆరలేదు.

సాయిబుల సమాధి. అదీ పనిమంతుడి చెయ్యి.

బెంగళూరు దాటి అత్తిబెలె వైపు పోయే దారిలో, ఫ్యాక్టరీ షెడ్ల వెనుక ఉంటుందా తోట. దానికీ పక్కనున్న ఖబరస్తాన్‌కూ నడుమ ఒకటే గోడ, ఛాతీ ఎత్తున. గోడకు అవతల గుంతలు తవ్వేవాడు మహబూబ్ బాషా. దూదేకుల మనిషి, అరవై దాటాయి. ఇద్దరూ గోడ మీద టీ గ్లాసులు పెట్టుకుని వానల గురించీ, మట్టి గట్టిదనం గురించీ మాట్లాడుకున్న రోజులు లెక్కలేదు.

ఆ పొద్దున బాషా పార కడుగుతున్నాడు.

"బాషన్నా! మా తోటలోకి ఎవరన్నా వచ్చినారా?"

"నాకేం తెలుసు దీనమ్మా. తిని పండుకున్నా."

"పారకు పచ్చిమట్టి ఉండాదే?"

"వాన పడింది కదా."

"మీ వైపు మాత్రమే పడిందా వాన?"

బాషా కడిగిన పారనే మళ్ళీ కడిగాడు.

దీనమ్మకు అర్థమైపోయింది. ఆ మట్టి కింద ఎవరున్నారో కూడా ఊహకు అందింది. దస్తగిరి, బాషా బావమరిది. కాటన్‌పేటలో నలభై ఏళ్ళు దూది ఏకి పరుపులు కుట్టి, పెళ్ళాన్ని ఈ ఖబరస్తాన్‌లో పూడ్చాక ఇటే వచ్చి చేరిన ముసలాయన. పిల్లల్లేరు. మంగళవారం ఆస్పత్రిలో చనిపోయాడు. ఇవాళ గురువారం. సాయిబుల్లో శవాన్ని పొద్దు గడవనివ్వరు. అలాంటిది రెండు రోజులు మార్చురీలో ఉంచారంటే కారణం ఒకటే. ఆయన పాత మసీదు మనిషా, కొత్త మసీదు మనిషా తేలలేదు.

పాత మసీదువాళ్ళు దర్గాకు పోతారు, చనిపోయినవాళ్ళ పేర ఫాతెహా చదివిస్తారు. కొత్త మసీదువాళ్ళకు అవి తప్పు. సమాధి ముందు తల వంచితే దేవుడికి ఇంకొకర్ని జత కట్టినట్టే అంటారు. దస్తగిరి మాత్రం ఐదు పూటలా కొత్త మసీదులో నమాజు చేసి, గురువారం సాయంత్రం దర్గాలో ఊదుబత్తి వెలిగించేవాడు. బతికినన్నాళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చచ్చాక పట్టించుకున్నారు. వాళ్ళ ఇమాము వెనుక నిలబడినవాడికి మేమెందుకు నమాజు చేయించాలని ఒకరు. దర్గాకు మొక్కినవాణ్ణి మేమెలా మొయ్యాలని ఇంకొకరు.

సంగతి ఏదైనా కాపలాదారు పని కాపలాదారుది. దీనమ్మ సంఘ కార్యదర్శి అశోక్‌కుమార్‌కు ఫోను చేసింది. చేసిన తప్పేమిటో పావుగంటలోనే తెలిసొచ్చింది.

అశోక్‌కుమార్ కారు దిగుతూనే ఫోటో తీశాడు. అడగనైనా అడగకుండా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. కింద రాసింది దీనమ్మకు చదివి మరీ వినిపించాడు: "ముస్లింలందరూ ఒక్కటై మన సమాధుల తోటను ఆక్రమిస్తున్నారు. క్రైస్తవులారా, మేలుకోండి!"

"ఒక్కటై ఎక్కడ సారూ? ఒక్కటైతే ఆయన మంగళవారమే మట్టికి పోయుండేవాడు."

"నీకు తెలియదు దీనమ్మా. మనమే ముక్కలు ముక్కలు. వాళ్ళందరూ ఎప్పుడూ ఒక్కటే."

నిన్నటిదాకా దీనమ్మ కూడా అదే అనుకుంది. గోడకు ఇవతల నిలబడి చూస్తే అవతల అంతా ఒకే వరస, ఒకే వంగడం, ఒకే ఆమీన్.

సంఘం గ్రూపులో పడిన ఫోటో గంట తిరక్కుండా రెండు మసీదుల గ్రూపుల్లోనూ పడింది. పదకొండయ్యేసరికి గేటు ముందు నూరు మంది జమయ్యారు. ఎడమవైపు పాత మసీదు జనం, ముందు జిలానీ సాబ్, తెల్లటి గడ్డం, ఆకుపచ్చ టోపీ. కుడివైపు కొత్త మసీదు కుర్రాళ్ళు, ముందు ఉమైర్, కర్నూలు నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నవాడు. దీనమ్మ గేటుకు లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

మొదట వాళ్ళలో వాళ్ళే అంటుకున్నారు.

"మీరే తెచ్చి ఇక్కడ పడేసినారు! ముసల్మానువి, ఇట్లా చేయడానికి సిగ్గులేదా?" అన్నాడు జిలానీ సాబ్.

"మేమా? బాడీ మా బాధ్యత కాదని మెసేజ్ పెట్టింది మీ కమిటీ కదా అంకుల్! స్క్రీన్‌షాట్ ఉంది, చూపించమంటారా?"

"నీ స్క్రీన్‌షాటు తీసుకుపోయి..."

చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. అశోక్‌కుమార్‌కు అదో వేడుక. గేటు లోపలి అరుగెక్కి చప్పట్లు చరిచాడు.

"పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంట! మీవాడికి మీ దగ్గరే చోటు లేకపోతే మా ప్రభువు కాళ్ళ దగ్గర పడుకోబెట్టారన్నమాట. పోనీలే, శిలువ ఒకటి మేమే పాతుతాం!"

ఒక్కసారిగా అరుపులు ఆగిపోయాయి. ఎడమవైపు తలలూ కుడివైపు తలలూ అతనివైపే తిరిగాయి.

"ఏయ్ సెక్రెటరీ! మా ముర్దా మీద, పోయినాయన మీద జోకులా?" జిలానీ సాబ్ గేటు ఊచలు పట్టుకున్నాడు.

"మా దస్తగిరి భాయ్‌ని మాకు అప్పగించండి. ఇప్పుడే," అంటూ ఉమైర్ ఆయన పక్కన భుజం ఆనించి నిలబడ్డాడు.

మా. దీనమ్మ చెవికి ఆ మాట ఒక్కటే వినపడింది. మూడు రోజులుగా ఎవరి నోటా రాని మాట. అశోక్‌కుమార్ పొద్దున అబద్ధంగా రాసింది ఇప్పుడు అతని నోటి పుణ్యాన నిజమైపోయింది.

నూరు మంది ఒక్కసారిగా గేటు మీదికి తోసుకొచ్చారు. ఇనుము కిర్రుమంది. అశోక్‌కుమార్ అరుగు దిగి దీనమ్మ చెవిలో గుసగుసలాడాడు. "దీనమ్మా, తాళం తియ్యి. జేసీబీని పిలిచా, పది నిమిషాల్లో వస్తుంది. పెకలించి అవతల పారేస్తే పీడ పోతుంది."

"తియ్యను."

"ఏంటీ?"

"మనిషి సారూ ఆయన. ముళ్ళకంప కాదు. తియ్యను."

"తియ్యకపోతే సాయంత్రానికి నీ గది ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. ఉద్యోగం కూడా."

ఆ గది తప్ప ఆమెకు తల దాచుకునే చోటు లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. దీనమ్మ ఒక్క క్షణం గదివైపు చూసింది. తర్వాత గొంతు పెంచింది, నూరు మందికీ వినపడేలా.

"ఖాళీ చేస్తా సారూ. పోయేముందు ఒక మాట చెప్పి పోతా. ఆ కుళాయి పక్కన ఎవరున్నారో తెలుసు కదా మీకు? నా మొగుడు ఏసుదాసు. మునిగి బాప్తిస్మం తీసుకున్నాడని, వేరే ప్రార్థన మందిరానికి పోయినాడని, వరసలో చోటు లేదన్నారు. రూలు పుస్తకం తీసి చదివింది మీరే. ఒకటే బైబులు, ఒకడే ప్రభువు. నీళ్ళు చల్లినారా, ముంచినారా అని చూసి, ఆయన్ని బక్కెట్లు కడిగేకాడ పెట్టినారు. ఆ పొద్దు నోరు మూసుకున్నా. ఈ పొద్దు మూసుకోను."

 దీనమ్మ మసీదుల జనంవైపు తిరిగింది.

"ఇంక మీరప్పా! గోడకు ఇవతల నిలబడి ఇన్నేళ్ళూ మిమ్మల్ని చూసి కుళ్ళుకున్నా. షావుకారైనా కూలోడైనా భుజం భుజం తగిలించి నిలబడతారే, మావాళ్ళకు ఈ బుద్ధి ఎందుకు లేదా అని. సుమ్మనే, ఉత్తపుణ్యానికే కుళ్ళుకున్నా. మీరూ మా మాదిరే!"

"క్రైస్తవులతో మాకు పోలికేందమ్మా?" జిలానీ సాబ్‌కు రోషం పొడుచుకొచ్చింది.

"పోలిక వద్దా? అయితే చెప్పండి. ఈయన్ని బయటికి తీస్తే ఎవరు నమాజు చేయిస్తారు? వెనకాల ఎవరు నిలబడతారు? యాడ పెడతారు? తీసినాక మళ్ళీ రోడ్డు మీద పెట్టుకుని కొట్లాడతారా? మీరిద్దరూ ఒకటే మాట చెప్పేదాకా తాళంచెవి నా కొంగులోనే ఉంటాది. కాదంటే గేటు ఎక్కి రండి. ఆడమనిషి మీద చెయ్యి వేసి తీసుకోండి. ఫోటో తీయడానికి మా సారు ఇక్కడే ఉండాడు."

ఎవరూ గేటు ఎక్కలేదు. జేసీబీ వచ్చి రోడ్డు మీద ఆగింది. జనాన్ని చూసి డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ ముట్టించుకున్నాడు.

 ఉమైర్ జిలానీ సాబ్‌వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "అంకుల్, మీ ఇమాము సాబే చేయించనీ. మేం అదే వరసలో నిలబడతాం. వెనక కాదు, పక్కన."

కుర్రాళ్ళలో ఇద్దరు ఛీ అని వెళ్ళిపోయారు. ఉమైర్ వాళ్ళను ఆపలేదు.

జిలానీ సాబ్ టోపీ తీసి, తల తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఖబర్ ఆయన భార్య పక్కనే. ఖబరస్తాన్‌లో అది మా మసీదు వైపు ఉండాది, ఉండనీ. జనాజాకు మొదటి భుజం మీ పిల్లలది. ఖబర్ దగ్గర మావాళ్ళెవరూ మీకు నచ్చనిది చదవరు. ఇంటికి పోయి చదువుకుంటాం."

"వల్లాహి?"

"అల్లా సాక్షి బేటా. మూడు దినాల నుంచి నాకు నిద్ర లేదు. నిన్ను ఎట్లా పిలవాలో తెలియలేదు."

దీనమ్మ కొంగుముడి విప్పింది. "జేసీబీ వద్దు. తవ్వేది బాషన్న. ఆయన చెయ్యి నాకు తెలుసు. బాషన్నా, రా!"

మహబూబ్ బాషా గోడ దూకి వచ్చాడు. చేతిలో పార లేదు. సమాధి పక్కన నిలబడ్డాడు. గేటు తెరుచుకుంది, జనం వచ్చి చుట్టూ ముసిరారు, అశోక్‌కుమార్ కూడా. బాషా ఎవరివైపూ చూడకుండా మాట్లాడాడు.

"తవ్వాల్సిన పని లేదు. దీంట్లో ఎవరూ లేరు. మట్టి తవ్వినా, అదే మట్టి పూడ్చినా, దిద్దినా, నీళ్ళు చల్లినా. చేసినోణ్ణి నేనే. ఒక్కణ్ణే. పోలీసులకు చెప్పుకుంటే చెప్పుకోండి సెక్రెటరీ సారూ. దీనమ్మా, నిన్ను అడక్కుండా నీ తోటలో పార వేసినా, పొద్దున నీకు అబద్ధం చెప్పినా. ఆ రెండూ తప్పే. మిగతాదానికి నేను తప్పు ఒప్పుకోను. మేం దూదేకులోళ్ళం. ఉర్దూ సరిగ్గా రాదని పాత మసీదులో నవ్వినారు, పీర్ల పండగ చేస్తామని కొత్త మసీదులో కసిరినారు, పడినాం. నా బావమరిది ఐసు పెట్టెలో పడి ఉంటే రెండు మసీదుల మెట్లూ ఎక్కినా, కాళ్ళు పట్టుకున్నా. అది కూడా పడినా. మావాళ్ళకు మావాళ్ళ ముందు సిగ్గు లేదు. బయటోళ్ళ ముందైతే ఉంటాది. అది తెలిసే గోడ దూకినా. మా శవం క్రైస్తవుల మట్టిలో ఉండాదని తెలిస్తే మీరందరూ ఒక్కటై వస్తారనుకున్నా, వచ్చినారు. పొద్దున్నుంచి నూరు మంది అరిచినారు, తోసుకున్నారు. ఆస్పత్రికి ఒక్క ఫోను చేసి, దస్తగిరి ఉండాడా పోయినాడా అని అడిగినోడు ఒక్కడు లేడు. ఉండాడు. ఆస్పత్రిలోనే ఉండాడు, మంగళవారం నుంచీ. పోయి తెచ్చుకునేదానికి రోడ్డు మీద టెంపో నిలబెట్టినా. ఇప్పుడు అందరి ముందూ అల్లా పేరు మీద మాట ఇచ్చినారు కదా, ఎక్కండి."