ఉత్తరపు రేవులో గెడ

చిలికా సరస్సు మధ్యలో ఉన్న నత్తలదిబ్బకు రెండు రేవులున్నాయి. దక్షిణపు రేవులో అడుసు. గట్టు మీది రంభ ఊరి నుంచి వచ్చే పడవ ఇంజిను ఆపి, జనం దిగి, మోకాలి లోతు బురదలో దాన్ని తోసుకుంటూ ఒడ్డుకు చేర్చాలి. ఉత్తరపు రేవులో లోతుంది, ఒడ్డు దాకా గట్టి ఇసుక ఉంది. అక్కడ ఏ పడవా ఆగదు. నీటి అంచున పడవ తోసే వెదురు గెడ ఒకటి పాతి ఉంటుంది. అది కొండలు గెడ. పుణ్యవతి మొగుడు కొండలు ఒక తుఫాను ముందు రోజు చిలికాలోకి రొయ్యల వేటకు వెళ్లాడు. పడవ దొరికింది, పడవలో గెడ దొరికింది, మనిషి దొరకలేదు.

దిబ్బ మీద అలాంటి ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. శవం దొరకని మనిషి గెడను ఉత్తరపు రేవులో పాతుతారు. గెడ నిలిచి ఉన్నంతకాలం అతడు వేటలో ఉన్నట్టే. వచ్చినప్పుడు పడవ ఆపుకోవడానికి చోటుండాలి కాబట్టి ఆ రేవును వదిలేస్తారు. ఇంట్లో కర్మ చెయ్యరు. గెడ తనంతట తాను పడిన రోజున దాన్నే ఎత్తుకెళ్లి, శవానికి బదులు కాలుస్తారు. పడగొట్టకూడదు. పడకుండా ఆపకూడదు. ఎప్పుడు పడుతుందని ఆ ఇంటివాళ్లను అడగకూడదు.

ఉప్పునీళ్లలో వెదురు రెండు వానాకాలాలు ఆగితే గొప్ప. కొండలు గెడ ఆరో వానాకాలం చూసింది.

ఎలా చూసిందో పుణ్యవతికి తెలుసు. మూడో ఏడు పీతల కోసం ఉత్తరం వైపు వెళ్లిన పొద్దున అది నీళ్లలో పడి ఉంది. మొదలు పుచ్చిపోయింది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. పుచ్చిన భాగాన్ని కత్తితో నరికేసి, చేతులతో గొయ్యి తీసి, మిగిలినదాన్ని మళ్లీ పాతి, చుట్టూ నత్తగుల్లలు దట్టించింది. గెడ పైభాగంలో కొండలు చేతులు ఆనే చోట వెదురు నునుపు తేలి ఉంటుంది. ఆ చోటు ఇప్పుడు కొంచెం కిందికి దిగింది. ఇంటికి వెళ్లి పీతలు వండింది. ఏడాది తర్వాత ఇంకోసారి అదే పని చేసింది. ఆ రెండుసార్లూ తనను ఎవరూ చూడలేదనుకుంది.

మాఘమాసంలో మధులత మొదటిసారి వచ్చింది. బరంపురం పిల్ల, తెలుగింటిదే. చిలికాలో జనానికి తెలియని ఊళ్ల గురించి పర్యాటకుల కోసం, పెట్టుబడి పెట్టేవాళ్ల కోసం ఒక కంపెనీకి పరిచయాలు రాసిపెడుతోంది. బురదలో ఒక చెప్పు పోగొట్టుకుని, రెండోది చేత్తో పట్టుకుని దిబ్బ ఎక్కింది.

"ఇక్కడ చూడ్డానికి ఏముందండీ?" అని వలల పాకలో కూర్చున్న అసిరయ్యను అడిగింది. దిబ్బ మీద అందరికంటే పెద్దవాడు అసిరయ్య, పుణ్యవతికి మావ వరస.

"ఏటున్నాదమ్మా? మాకైతే ఇయ్యాల నువ్వున్నావు. ఒంటి సెప్పుతో."

"ఈ ముసిలోడి మాటలు రాసీకు తల్లీ," అంది పక్కింటి జగ్గమ్మ. "ఈ దిబ్బంతా నత్తగుల్లలే. మా మావ కాలంలో గుల్ల కాల్చి సున్నం సేసి బరంపురం బడా బజారు సావుకార్లకి ఎత్తీవోరు. మీ ఊళ్లో ఆకూ వక్కా ఏసుకున్నోడల్లా మా సున్నమే తిన్నాడు."

"అయితే మా తాతగారూ తినే ఉంటారు," అంటూ మధులత రాసుకుంది. దిబ్బవాళ్ల పెద్దలు రామయ్యపట్నం నుంచి వచ్చారని, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా అని కూడా రాసుకుంది. "మా ఆఫీసులో ఈ ఊరికి ముత్యాల ద్వీపం అని పేరు పెడదామంటున్నారు."

"ముత్యాలెక్కడివే?" అంది జగ్గమ్మ. "ముత్యం కోసం ఒచ్చినోడి సేతిలో నత్తగుల్ల ఎడితే నిన్ను ముందు తంతాడు, తరవాత మమ్మల్ని."

మధులత దిబ్బంతా తిరిగింది. ఉత్తరపు రేవులో గెడ పక్కన అసిరయ్యను నిలబెట్టి ఫోటో తీసింది. గెడ అతడి తలకంటే ఎత్తుంది. కొన మీద నీటికాకి వాలి ఉంది. ఇంత మంచి రేవులో పడవలెందుకు ఆపరని అడిగింది.

"గాలమ్మా," అన్నాడు అసిరయ్య. "ఇటేపు గాలి జాస్తి."

ఆ పూట గాలి లేదు. పీతల బుట్ట నెత్తిన పెట్టుకుని అటుగా వెళ్తున్న పుణ్యవతి ఆ మాట విని, ఆగకుండా నడిచింది.

శ్రావణంలో అప్పలరాజు కూతురికి నొప్పులు వచ్చాయి. అప్పలరాజు వల జట్టుకు పెద్ద, కొండలుకు తమ్ముడి వరస. కూతురు లక్ష్మీప్రసన్నను గట్టు మీది హుమ్మ ఊళ్లో ఇచ్చారు, కానుపుకు పుట్టింటికి వచ్చింది. నెల తక్కువలో నొప్పులు మొదలయ్యాయి. నీళ్లు వెనక్కి తీసిన రోజది. దక్షిణపు రేవులో పడవ బురదలో కూరుకుపోయింది. ఊరంతా దిగి తోసింది. పుణ్యవతి పడవ అంచుకు భుజం ఆనించి తోసింది. ఉత్తరం వైపు తిప్పండి అన్న మాట ఆమె నోటి దాకా వచ్చింది. గెడ ఆమె ఇంటిది, ఆ మాట అనగలిగిన మనిషి దిబ్బ మీద ఆమె ఒక్కతే. ఎవరూ ఆమె ముఖం వంక చూడలేదు, చూస్తే అడిగినట్టవుతుందని. ఆమె అనలేదు. పడవ నీళ్లలో పడే లోపలే బిడ్డ పుట్టింది. ఏడవలేదు.

లక్ష్మీప్రసన్నను రంభ ఆసుపత్రి నుంచి నేరుగా హుమ్మకు తీసుకెళ్లిపోయారు. ఆ పిల్ల మళ్లీ దిబ్బకు రాలేదు. పుణ్యవతి అప్పలరాజు ఇంటి ముందు నుంచి నడవడం మానేసి, వెనక దారిన నీళ్లకు వెళ్లడం మొదలుపెట్టింది. అప్పలరాజు పెళ్లాం మాత్రం మునుపటిలాగే కూర గిన్నె పంపేది. ఆ గిన్నె కడిగి తిరిగి ఇచ్చేటప్పుడు పుణ్యవతి వీధిలో ఆడుకునే పిల్లల చేత పంపేది.

కార్తీకంలో మధులత మళ్లీ వచ్చింది. ఈసారి రబ్బరు చెప్పులు రెండూ చేత్తోనే పట్టుకుని దిగింది. అందరూ వలల పాకలో కూర్చున్నారు. పుణ్యవతి గుంజకు ఆనుకుని చిరిగిన వల బాగుచేస్తోంది.

"కంపెనీ వాళ్లకు ఊరు నచ్చింది," అంది మధులత. "జెట్టీ కడతారట. రంభకు రోజూ రెండు పూటలా పడవ నడుపుతారట. ఊరివాళ్లూ ఎక్కొచ్చు. కానీ బురదలో కట్టలేమంటున్నారు. లోతున్న చోటు కావాలి. ఆ ఉత్తరపు రేవు ఖాళీగానే ఉందిగా?"

పుణ్యవతి వల మీదికి ఇంకాస్త వంగింది.

"అటేపు పీతలు కరుస్తాయి తల్లీ," అంది జగ్గమ్మ.

"పీతలా? పోయినసారి గాలన్నారు."

"గాలొచ్చి పీతల్ని రేపుతాది," అన్నాడు అసిరయ్య. ఎవరో నవ్వబోయి మానేశారు.

మధులత ఫోన్ తీసింది. "సరే, కంపెనీ అచ్చు వేసే పుస్తకంలోకి ఏ ఫోటో కావాలో మీరే చెప్పండి. ఇది అప్పటిది, ఇది ఇవాళ పొద్దున మళ్లీ మిమ్మల్నే నిలబెట్టి తీసింది." ఫోన్ అసిరయ్య చేతికిచ్చి, అతడి భుజం మీదుగా తనే వంగి చూసింది. "ఇదేంటి, ఈ కర్ర పొట్టిదైపోయిందే? అప్పుడు మీకంటే ఎత్తుంది. ఇప్పుడు మీ గుండె దాకా లేదు."

పుణ్యవతి చేతిలో వల ఆగింది. ఆమె కోసింది రెండుసార్లు, ఆ రెండూ మధులత మొదటి ఫోటోకు ముందే. ఈ వానాకాలం గెడ కురచగా కనబడితే ఇసుక పోగైందనుకుంది. అలా అనుకోవడమే సుఖంగా ఉండి, దగ్గరికి వెళ్లి చూడలేదు.

"నానే కోసినాను," అంది జగ్గమ్మ. "పందిట్లోకి ముక్క కావలసొచ్చింది."

"మరి మిగతాది మళ్లీ పాతారెందుకు?"

"పాతకపోతే కాళ్లకి తగలదేటి?" అంది జగ్గమ్మ. తల గోక్కుంది.

అసిరయ్య ఫోన్ మధులత ఒళ్లో పెట్టాడు. "ఆశ్వీజంలో పడిపోయింది," అన్నాడు, నేల వంక చూస్తూ. "మొదలు పుచ్చిపోయున్నాది. సెక్కి మళ్లీ నిలబెట్టినాను. మా కోడలు పుణ్యవతి ఇంట్లో పొయ్యి కాడున్నాది. ఆ పూట సెప్పబుద్ది కానేదు."

"మావా," అంది పుణ్యవతి.

అప్పలరాజు అప్పటిదాకా పాక బయట కూర్చుని ఉన్నాడు. లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. అడుగు లోపల పెట్టలేదు.

"అంతకి ముందు నాను నిలబెట్టినాను ఒదినా. శ్రావణంలో. పసిగుడ్డుని పూడ్సి ఒచ్చిన పొద్దు. పీకి పారేద్దామనే ఎల్లినాను, నీకెందుకు అబద్ధం సెప్పాల. ఎల్లేసరికి పడిపోయున్నాది. నీళ్లలో అటూ ఇటూ కొట్టుకుంటన్నాది." అతడు గుమ్మం గుంజ పట్టుకున్నాడు. "అన్న సెయ్యి ఎట్టుకునే కాడ పట్టుకుని పైకి తీసినాను. పారేద్దామంటే సెయ్యి రానేదు. మళ్లీ పాతీసినాను."

"ఎందుకు మరిదీ?"

"ఏమో. నువ్వింకా ఈది తలుపు తీసి పడుకుంటన్నావు కదా."

మధులతకు ఏదో అర్థమైంది. ఫోన్ సంచిలో పెట్టేసింది. "నేను అడగకూడనిది అడిగానా అక్కా?" అంది.

"నువ్వు కాబట్టి అడిగినావు," అంది పుణ్యవతి. "ఈళ్లకి అడగడం రాదు."

వల పక్కన పెట్టి లేచింది. ఉత్తరం వైపు నడిచింది. జనం కొంత దూరం వచ్చి, తాటిచెట్ల దగ్గర ఆగిపోయారు. గెడ మొదట్లో ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తవ్వింది. గెడను ముట్టుకోలేదు. ముందు తన నత్తగుల్లలు వచ్చాయి. వాటి మధ్యలో ఇటుక ముక్కలు. అప్పలరాజు ఇంటి అరుగు కట్టగా మిగిలిన ఇటుకలు ఆ రంగులోనే ఉంటాయి. ఇంకొంచెం తవ్వితే వలకు కట్టే కాల్చిన మట్టిగుండ్లు. అవి అసిరయ్య చేసుకునేవి, దిబ్బ మీద ఇంకెవరికీ ఆ పని రాదు. అన్నిటికంటే అడుగున ఒక పెంకు ముక్క. దిబ్బ మీద పెంకుటిల్లు ఒక్కటే, జగ్గమ్మది. పుణ్యవతి ఆ ముక్కను చీర చెంగుతో తుడిచి పక్కన పెట్టింది.

అన్నీ తీసేశాక కూడా గెడ నిలబడే ఉంది. ఆమె కాస్త వెనక్కి జరిగి ఇసుకలో కూర్చుంది.

మధులత తాటిచెట్లు దాటి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చుంది. ఎవరూ వారించలేదు.

"ఈ రేవు గురించి ఏం రాయను అక్కా? అసలు రాయొద్దంటే మానేస్తాను."

"రాయి. జెట్టీ రావాల. ఖాళీగా ఉన్నాదని మట్టుకు రాయకు. ఒక మనిషికి అట్టేపెట్టినారని రాయి."

"పేరు రాయనా?"

పుణ్యవతి గెడ వంక చూసింది. దిబ్బ మీద ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. "కొండలు," అంది. "ఊరి పేరు కూడా నత్తలదిబ్బ అనే ఉంచు. ఆడు వేరే పేరెరగడు."

మధ్యాహ్నం దాటాక రోజూ వీచే గాలి మొదలైంది. నీళ్లు కదిలాయి. గెడ కొంచెం ఒరిగింది. ఒక అల వచ్చి వెళ్లింది, ఇంకొకటి వచ్చింది. గెడ నీళ్లలోకి పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. పుణ్యవతి వెళ్లి, నునుపు తేలిన చోట పట్టుకుని దాన్ని పైకెత్తింది. ఆమె భుజం దాకా కూడా లేదు. పైట కొంగుతో తడి తుడిచింది. అప్పుడు జగ్గమ్మ ఏడుపు అందుకుంది. ఆరేళ్లుగా దాచుకున్న ఏడుపు దిబ్బ నిండా వినబడింది.

మర్నాడు గెడను దహనం చెయ్యాలి. పొద్దున్నే అప్పలరాజు పడవ వేసుకుని రంభకు వెళ్లాడు. కట్టెలు తెచ్చాడు, బ్రాహ్మణుణ్ణి తెచ్చాడు. రాత్రి ఫోనులో కబురు విని వస్తానన్న లక్ష్మీప్రసన్న కూడా హుమ్మ నుంచి ఆ పడవలోనే వచ్చింది. పడవ దక్షిణం వైపు తిరగలేదు. దిబ్బను చుట్టి ఉత్తరానికి వచ్చింది. ఒడ్డున పుణ్యవతి నిలబడి ఉంది. ఆ పిల్లకు ఎదురుపడి ఏమనాలో రాత్రంతా ఆలోచించినా ఆమెకు తోచలేదు.

పడవ దగ్గరికి రాగానే అప్పలరాజు పంచె ఎగ్గట్టాడు. బ్రాహ్మణుడు కూడా ఎగ్గట్టాడు. లక్ష్మీప్రసన్న చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, బురదలో దిగడానికి ఒక కాలు అంచు మీద పెట్టింది.

పడవ ముక్కు ఇసుకను తాకి ఆగింది.

ఆ పిల్ల కిందికి చూసింది. కుచ్చిళ్లు ఇంకా చేతిలోనే ఉన్నాయి. పుణ్యవతి నీటి అంచు దాకా వెళ్లి చెయ్యి అందించింది.

"దిగు తల్లీ," అంది. "ఇటేపు బురద లేదు."

లక్ష్మీప్రసన్న ఆమె ముఖం వంక చూసింది. కుచ్చిళ్లు వదిలేసి, చెయ్యి పట్టుకుని దిగింది.