ఓక్ దుంగలో ఇనుము

ఉలి కింద టింగుమంది. సెవెరిన్ సుత్తి ఆపేశాడు.

యుద్ధం ముగిసి ఆరేళ్లయినా జర్మనీలోని ఈ ఐఫెల్ అడవి చెట్లను కోత మిల్లులు ముట్టవు. లోపల ఫిరంగి గుండ్ల ముక్కలుంటాయి, రంపాలు విరుగుతాయి. ఊళ్లో పసిపిల్లలకూ తెలిసిన సంగతే. కానీ మన శిల్పి సెవెరిన్‌గారికి పంతమెక్కువ. చచ్చిన కొడుకును ఒళ్లో పెట్టుకున్న మరియమ్మ బొమ్మకు ఆ అడవి ఓక్ దుంగే కావాలని పట్టుబట్టాడు. మిల్లువాళ్లు కొయ్యం పొమ్మంటే తనే గొడ్డలితో నరుక్కున్నాడు. పని చెడితే పట్నం నుంచి ప్లాస్టర్ బొమ్మ తెప్పిస్తానని చర్చి ఫాదర్ ముందే చెప్పేశాడు. రేపే చూడ్డానికి వస్తానన్నాడు కూడా.

మరియమ్మ కంటి కింద నల్లటి మరక వారం నుంచీ కనబడుతూనే ఉంది. కణుపులే అని తనను తాను మభ్యపెట్టుకున్నాడు. ఇనుము తగిలిన ఓక్ అలాగే నల్లబడుతుందని తెలియని మనిషా? వదిలేస్తే మరక ముఖమంతా పాకుతుంది. పెకలిస్తే బుగ్గ చీలుతుంది.

సరిగ్గా అప్పుడే వాల్‌బుర్గా వచ్చింది. మరియమ్మకు చెక్కిన ముఖం ఆమెదే. ఆమె ఒక్కగానొక్క కొడుకు యుద్ధంలో ఆ అడవిలోనే పోయాడు, శవం కూడా దొరకలేదు.

"ఏంటయ్యా, నా మొహం చూసి నువ్వే జడుసుకున్నావా?"

"లోపల ఇనుముంది వాల్‌బుర్గా. తీస్తే నీ బుగ్గకి బొక్క పడుద్ది."

"తియ్యి."

చుట్టూ చెక్క తొలిచి తీశాడు. బుగ్గ చీలలేదు గానీ గుంట మిగిలింది. ఆమె ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మనోళ్లదా, వాళ్లదా?"

"ఏం తెలుస్తది? తుప్పు తినేసింది."

"నాకియ్యి. ఆ అడవిలోంచి నాకింతవరకూ ఏదీ తిరిగి రాలేదు."

ఆ సాయంత్రం చనిపోయినవారి పండుగ. సమాధులన్నిటి మీదా ఎర్ర దీపాలు వెలిగాయి. కొడుక్కి సమాధి లేక ఏటా శ్మశానం గోడవారన వట్టి చేతులతో నిలబడే వాల్‌బుర్గా ఈసారి అక్కడే మోకరిల్లి ఉంది. ముందు అరచేయంత మట్టికుప్ప, దాని మీద దీపం.

సెవెరిన్ జేబులో, బొమ్మ బుగ్గ గుంటకు సరిపోయేలా చెక్కిన చెక్కముక్క ఉంది. పొద్దున్నే ఫాదర్ వస్తాడు. గుంట కనబడితే ప్లాస్టర్ బొమ్మే తెప్పిస్తాడు. అయినా ఆమె పక్కన మోకరిల్లి, ఆ చెక్కముక్కను సమాధి గుర్తులా మట్టికుప్పలో గుచ్చేశాడు.