దాణా లారీ రాని వారం

నాకు నోరెక్కువ. నేను పనిచేసే బ్రాయిలర్ కోళ్ల షెడ్డుకి దాణా లారీ తోలుకొచ్చే ఆయనకి అసలు నోరే లేదు. మూగాయన అని పేరు పెట్టింది నేనే. వారం వారం వచ్చి, బస్తాలు దించి, నేనిచ్చిన టీ తాగి, "వస్తానండీ" అని వెళ్ళిపోతాడు. ఆ ఒక్క ముక్క కోసం వారమంతా కాచుకుని కూర్చుంటానని తెలిస్తే జనం నవ్విపోతారు. నవ్వితే నవ్వనీ! మొగుడు పోయాక ఈ షెడ్డు పక్క గదే నా ఇల్లు, ఈ కోళ్లే నా సంసారం.

ఈసారి ఎండలు ముదిరాయి. కోళ్లు రెక్కలు ఎడం చేసి, నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. రోజూ కొన్ని చచ్చిపోతున్నాయి. ఇలాగే ఉంటే షెడ్డు మూసేస్తానని ఓనరు తెగేసి చెప్పాడు.

అది విని మూగాయన ఎన్నడూ లేనిది నోరు విప్పాడు.

"నూనె ఎక్కువ కలిపిన దాణా తెప్పించండి. గింజ అరిగేటప్పుడు కోడి ఒంట్లో వేడి పుడుతుంది. నూనెకి అంత పుట్టదు. కాస్త తక్కువ తిన్నా బలం సరిపోతుంది."

"తక్కువ తింటే బస్తాలు ఎక్కువ రోజులొస్తాయిగా?"

"వస్తాయండీ."

"మరి మీరు?"

"అన్నిసార్లు రానక్కర్లేదు."

ఒళ్లు మండింది. ఇక్కడికి రాకుండా తప్పించుకోడానికే ఈ సలహా! "పోన్లెండి, మీకూ తిరుగుడు తప్పుతుంది," అన్నాను. ఆ రోజు టీ కూడా ఇవ్వలేదు.

అయినా ఓనరుకి చెప్పి ఆ దాణాయే తెప్పించాను. కోళ్లేం పాపం చేశాయి? మెల్లగా వాటి రొప్పు తగ్గింది. మిట్టమధ్యాహ్నం కూడా కింద పరిచిన పొట్టులో కాళ్లు చాపుకుని కునుకు తీస్తున్నాయి. ఓనరు ముఖం విప్పారింది. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

లారీ వచ్చే రోజు వచ్చింది. బస్తాలింకా మిగిలే ఉన్నాయి. రాదని తెలిసీ తల దువ్వుకున్నాను. కాలుగాలిన పిల్లిలా గేటుకీ గదికీ తిరిగాను. దాణా ఎవరిక్కావాలి? నాకు ఆ మనిషి కావాలి.

సాయంత్రం గేటు చప్పుడైంది. మూగాయన నడిచి వస్తున్నాడు. లారీ లేదు. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయి ఉంది.

"దాణా ఉందిగా, ఎందుకొచ్చారు?" అని కసిరాను.

"చూసిపోదామని."

"కోళ్లనా?"

తల అడ్డంగా ఊపాడు.

"మరి ఆ నూనె సలహా ఎందుకిచ్చినట్టు?"

"కోళ్లు పోతే షెడ్డు మూసేస్తారు, మీరు ఎటో వెళ్లిపోతారు. అప్పుడు నేను ఎక్కడికి రావాలండీ?"